పవళింపుసేవ కాగితాలతో చిక్కడపల్లికి

ఈ సంగతి నాకు మొదట చెప్పింది సుబ్బయ్య. మా రేపల్లెలో ముప్ఫై ఏళ్ళుగా సైకిలు మీద పసుపు, కుంకుమ, కర్పూరం, అగరొత్తులు ఇంటింటికీ తెచ్చి ఇచ్చే మనిషి. ఆ రోజు ఎప్పటిలాగే అగరొత్తుల పొట్లం అడిగితే, సంచీ వైపు కూడా చూడకుండా తల అడ్డంగా ఊపాడు.

"ఇక రావమ్మగారూ పవళింపుసేవ పొట్లాలు. హైదరాబాదులో అవి చేసే ముసలమ్మ, యాదమ్మంట, మానేసిందంట. ఆ పేరు మీద ఏదో గొడవైందంట."

"దేవుడి సేవ పేరు మీద గొడవేమిటి సుబ్బయ్యా?"

"మీకు చెప్పే మాట కాదులెండి. కుర్రకారు ఆ పేరుకి వేరే అర్థం తీస్తన్నారు. ఆవిడ సిగ్గుపడిపోయి గుడికి కూడా పోవడం లేదంట."

గుడికి కూడా పోవడం లేదన్న ఆ మాట నన్ను వదల్లేదు.

పవళింపుసేవ అంటే తెలియని పిల్లలు ఇప్పుడు ఉండవచ్చు. గుడి మూసే ముందు స్వామిని మంచం మీద పడుకోబెట్టి, పాలు నైవేద్యం పెట్టి, జోల పాడి, తలుపులు దగ్గరికి వేస్తారు. రోజంతా అందరి గోడూ విన్న దేవుడికి కాస్త విశ్రాంతి. ఆ వేళ వెలిగించే అగరొత్తులని ఆ పేరు. నారింజ రంగు కాగితం, దాని మీద రెండు పాదాలు, చుట్టూ పూలదండ, కింద పెద్ద అక్షరాలతో పేరు. డజను అని రాసి ఉన్నా లోపల పదమూడు ఉండేవి. పదమూడోది స్వామి వంతు. కొన్నవాళ్ళు దాన్ని ఏదో ఒక గుడికి ఇవ్వాలి. మా నాయనమ్మ ఆ ఒక్కటీ ముందే తీసి పక్కన పెట్టేది.

నేను బడికి వెళ్ళలేదు. చదువంతా ఇంట్లోనే, నాయనమ్మ దగ్గర. ఆవిడ నాకు మొదట చదివించిన మాట ఆ పొట్లం మీదదే. అక్షరమాలలో 'ళ' దాకా రాకముందే నాకు 'ళ' వచ్చు. ఒక నోటుపుస్తకంలో ఆ కాగితాలు అంటించి, ఒక్కోదాని కింద తన చేత్తో అక్షరాలు విడదీసి రాసి, నా చేత దిద్దించేది. పాదాలున్న కాగితాన్ని చెత్తలో వెయ్యకూడదు, తొక్కకూడదు. అందుకని మా వీధి ఆడవాళ్ళందరూ వాళ్ళ ఇళ్ళలోవి కూడా తెచ్చి, కృష్ణలో కలపమని నాకిచ్చేవాళ్ళు. నాకు చేతులు రాక పెట్టెలో దాచేదాన్ని.

ఆ పెట్టె తెరిచాను. ఇవన్నీ ఆవిడకి చూపిస్తే, తను పెట్టిన పేరు ఎన్ని ఇళ్ళలో దేవుడి ముందు నిలిచిందో కళ్ళతో చూసుకుంటుంది, మళ్ళీ గుడి మెట్లు ఎక్కుతుంది అనుకున్నాను. మావారు కాదనలేదు. ఆయన చేతులతోనే కాగితాలకి పురికొస కట్టి, నోటుపుస్తకం సంచీలో పెట్టి ఇచ్చారు. ఆయనకి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

అశోక్‌నగర్

మా అన్నయ్య కూతురు ఉద్యోగ పరీక్షలకని అశోక్‌నగర్‌లో లేడీస్ హాస్టల్లో ఉంటోంది. ఆ వారం తను ఊళ్ళో లేదు. తన మంచం నాకు ఇచ్చింది. రెండో మంచం శిరీషది. సూర్యాపేట పిల్ల, గ్రూప్స్‌కి చదువుతోంది.

నేను చూసిన ఊళ్ళలో ఇంతమంది నిలబడి తినేవాళ్ళని ఇక్కడే చూశాను. ఒక చేతిలో ఇడ్లీ ప్లేటు, చంకలో పుస్తకం, నోట్లో ఏదో అధికరణం నంబరు. ప్లేటు ఇడ్లీ ఇరవై రూపాయలు. మా బస్టాండు దగ్గర ఆ డబ్బుకి ఇద్దరం తినేవాళ్ళం. గోడలన్నీ కోచింగ్ కాగితాలే. ఏ గుమ్మంలో చూసినా ఓ పాతికేళ్ళ పిల్లో పిల్లవాడో మోకాళ్ళ మీద పుస్తకంతో. వాళ్ళందరికీ ఉద్యోగాలు రావాలని దణ్ణం పెట్టుకున్నాను. అందరికీ ఎలా వస్తాయో దేవుడికే తెలియాలి.

మధ్యాహ్నం హాస్టల్లో పచ్చిపులుసు పోశారు. మా వైపు పులుసంటే పొయ్యి మీద మరగాల్సిందే. ఇక్కడ చింతపండు నీళ్ళల్లో ఉల్లిపాయ, మిరపకాయ నలిపి అట్లాగే పోస్తారు. ఎండనపడి వచ్చిన ఒంటికి అమృతంలా ఉంది. రెండోసారి అడిగి పోయించుకున్నాను.

గదిలో మూట విప్పగానే శిరీష వంగి చూసి, మంచం మీద పడి నవ్వింది.

"ఆంటీ! గివి మీరు దాచిపెట్టిన్రా? ఇన్నా?"

"ఎందుకమ్మా అంత నవ్వు?"

"ఇది ఫోన్లల్ల మస్తు తిరిగింది ఆంటీ. ఎవరో కిరాణా షాపుల ఫోటో తీసిండ్రు. దాని కింద ఏందేందో రాసిండ్రు."

"నువ్వూ చూశావా?"

"చూసుడేంది... నలుగురికి పంపిన గూడ."

నేను ఆ ముసలావిడ సంగతి చెప్పాను. శిరీష లేచి కూర్చుంది. కాగితం మీది పాదాలు వేలితో తాకి కళ్ళకి అద్దుకుంది.

"మా ఊరి గుళ్ళె గూడ చేస్తరు ఆంటీ ఈ సేవ. నేను చిన్నప్పుడు పోయేదాన్ని, పాలు పెడ్తరని. అంత ఎరుకే నాకు. అయినా నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో తెల్వది."

ఈ పిల్ల అబద్ధం చెప్పలేదు. అందుకే కోపం రాలేదు. దిగులు మాత్రం వచ్చింది. తెలియనివాళ్ళకి నచ్చజెప్పవచ్చు, తెలిసి కూడా నవ్వినవాళ్ళకి ఏం చెబుతాం?

నారాయణగూడ

ఆ పొట్లాలు మా వైపు పంపే హోల్‌సేల్ కొట్టు నారాయణగూడలో ఉందని సుబ్బయ్య చెప్పాడు. సాయంత్రం బయలుదేరితే, చౌరస్తా దాటుతుండగా చెప్పు తెగింది. మూట ఒక చేత్తో, చెప్పు ఒక చేత్తో పట్టుకుని కుంటుతుంటే, చెట్టు కింద చెప్పులు కుట్టే ఆయన పిలిచాడు.

"ఇటు రా అక్కా. గా చెప్పు పట్టుకొని ఏ దేవునికి మొక్కవోతున్నవ్?"

పది రూపాయలు తీసుకుని, రెండో చెప్పుకి కూడా ఊరికే నాలుగు కుట్లు వేసి ఇచ్చాడు. ఆ కుట్లు ఇప్పటికీ ఊడలేదు. ఆయన చల్లగా ఉండాలి.

కొట్టు యజమాని రాజలింగం గారు. డెబ్భై దాటి ఉంటాయి. సంగతి విని కుర్చీ చూపించి, ఎదురు హోటలు నుంచి చాయ్ తెప్పించారు. పాలూ డికాషనూ విడివిడిగా మరిగించి కలుపుతారట. చిక్కగా, తియ్యగా ఉంది. తరువాత ఆయన అద్దాల బీరువా తెరిచి ఒక్కొక్క డబ్బా బల్ల మీద పెట్టారు. పేరు ఉండవలసిన చోట ప్రతిదాని మీదా తెల్లటి ధర చీటీ.

"చదువుండ్రి" అని ఒక చీటీ అంచు గోరుతో లేపారు.

'అంగసుఖ నలుగుపిండి'. ఇంకొకటి, 'శయ్యామిత్ర తలగడ దూది'. మూడోది 'మేలుకొలుపు తైలం'. అది తలనొప్పికి రాసుకునేదట. మొదటి రెండూ నాకు అర్థం కాలేదు, అంటే అందులో నవ్వవలసినదేమిటో అర్థం కాలేదు. మూడోదానికి ఆయనే ముఖం పక్కకు తిప్పుకున్నారు. నేనూ అడగలేదు.

"గీ నలుగుపిండి మా నాయన కాలంల పెండ్లిళ్ళకు డజన్ల లెక్క పోయేది. ఇప్పుడు ఆడపిల్లలు జూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటరు. మొగపిల్లలు ఫోన్ తీస్తరు. అందుకే పేరు మీదనే ధర అంటిస్తున్న. పేరు పెట్టినోళ్ళు పాడోళ్ళు గాదమ్మా. గప్పుడు మాటలు గింత ఖరాబ్ గాలే."

"యాదమ్మగారి పొట్లానికీ అలాగే అంటించకపోయారా?"

"అడగలేదనుకున్నవా? పేరు మార్సు యాదమ్మా, సరుకు నేనమ్ముత అన్న. తప్పు చేసి పేరు మార్సి కప్పుకుంటనా సేటూ, అన్నది. జిద్దు మనిషి, పట్టిందే పట్టు."

చిరునామా రాసిచ్చి, మూట వైపు చూసి, "ఇవి ఆమెకు చూపిస్తవా?" అని అడిగారు. ఔనన్నాను. ఇంకేదో అనబోయి ఆగిపోయారు. ఆ ఆగడంలో ఏముందో అప్పుడు నాకు తట్టలేదు.

చిక్కడపల్లి

మర్నాడు పొద్దున్న, మెయిన్ రోడ్డు హోరు నుంచి రెండు సందులు లోపలికి వెళ్ళేసరికి వాసనే దారి చూపింది. గోడలకి పట్టిన చందనం, బొగ్గుపొడి వాసన. ముందు గదిలో బత్తీలు చుట్టే పీటలు గోడకి ఆనించి ఉన్నాయి. వాటి మీద బూజు. యాదమ్మగారు గుమ్మంలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. సన్నటి మనిషి, అరచేతులు మాత్రం నల్లగా, నున్నగా.

"ఎవరు గావాలె బిడ్డా?"

"మీరేనమ్మా. రేపల్లె నుంచి వచ్చాను. మీ అగరొత్తులు మా ఇంట్లో మా నాయనమ్మ కాలం నుంచి..."

"ఊదుబత్తీలా? గంత దూరం పోయినయా?" అని చాట పక్కన పెట్టింది. లోపలికి రమ్మని, సర్వపిండి పెట్టింది. పల్లీలు వేసి గిన్నెకి తట్టి కాల్చిన బియ్యపిండి రొట్టె. తింటుంటే ఆవిడే చెప్పుకొచ్చింది.

"నాకు సదువు రాదు బిడ్డా. మా ఆయన పేరేం రాపిద్దామే అని అడిగిండు. అప్పుడే గుడికెళ్ళి వచ్చిన. పవళింపుసేవల ముట్టిచ్చే బత్తి గద, గదే రాపియ్యి అన్న. గంతే. నలబై ఏండ్లు గదే నడిసింది. ఏ పూటకాపూట స్నానం చేసి కూసుంటిమి. నోట్ల గోవింద గోవింద అనుకుంట చుట్టేది."

"మరి ఇప్పుడెందుకమ్మా మానేశారు?"

ఆవిడ గోడకి ఆనించిన పీటల వైపు చూసింది.

"నా మనుమరాలు డిగ్రీ సదువుతుండె. బస్టాపుల పోరగాండ్లు దాన్ని గా పేరు వెట్టి పిలిచిన్రట. మీ నాయినమ్మ..." అని వాళ్ళన్న మిగతా మాట కూడా చెప్పింది. నేను ఇక్కడ రాయను. "ఏడ్సుకుంట వచ్చింది. పొట్లం నా ముందట విసిరేసి, నాయినమ్మా, నీకు లోకంల ఇంకో పేరే దొరకలేదా అన్నది. కాలేజి బందు వెట్టి నిజామాబాదుల మేనమామింటికి పోయింది. ఫోన్ జేస్తే నాతోని మాట్లాడది. దేవుని ముందటికి ఏ మొకం వెట్టుకొని పోవాలె నేను?"

ఇదే సమయమనుకున్నాను. మూట విప్పి ఆవిడ ముందు పెట్టాను. నారింజ రంగు కాగితాలు దొంతరలు దొంతరలుగా చాప మీద జారాయి.

"చూడండమ్మా. మా వీధిలో ఇంటింటివీ. స్వామి పాదాలున్నాయని ఒక్కరూ పారెయ్యలేదు. అందరూ దాచుకున్నారు. మీ పేరు అన్ని ఇళ్ళల్లోనూ దేవుడి ముందే ఉంది."

ఆవిడ ముఖం వెలుగుతుందని ఎదురుచూశాను. ఆవిడ ఒక దొంతర మీద చెయ్యి పెట్టి, రెండోదాని మీద పెట్టి, మూడోదాని దగ్గర చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇవన్ని ఒక్కో ఇంటియా?"

"ఔనమ్మా."

"ఒక్క నా ఇల్లే ఆగమైందనుకున్న బిడ్డా. ఇన్ని ఇండ్లల్ల పెట్టిననా? గా ఇండ్లల్ల ఆడపిల్లలు లేరా?"

రాజలింగం గారు ఎందుకు ఆగిపోయారో అప్పుడు తెలిసింది. ఓదార్పు అనుకుని, ముప్ఫై ఏళ్ళు భద్రంగా దాచి, ఆవిడ నేరానికి సాక్ష్యం మోసుకొచ్చాను. భక్తిగా దాచాను కాబట్టే అన్ని ఉన్నాయి. నిర్లక్ష్యంగా పారేసి ఉంటే ఆవిడకి ఈ బరువు ఉండేది కాదు.

"ఇవి నాకాడ ఇడిసిపెట్టి పో బిడ్డా. రేపు రా" అంది.

గుడి మూసే వేళ

ఆ సాయంత్రం, ఆవిడ ఇదివరకు వెళ్ళే చిన్న గుడి ఎక్కడో అడిగి తెలుసుకుని వెళ్ళాను. హారతి అయిపోయి జనం పల్చబడ్డారు. పూజారి గారు స్వామికి ఉయ్యాల మంచం సర్ది, పాలగిన్నె పెట్టి, ఏదో కంపెనీ అగరొత్తి వెలిగించారు. పూలవాసనో సబ్బువాసనో తెలియని వాసన. జోల పాడేవాళ్ళు లేకపోతే నాకు వచ్చినది నేను పాడాను.

నా సంగతి చెబితే, ఆయన ఒక స్తంభం చూపించారు. మనిషి వీపు ఆనే ఎత్తులో రాయి నున్నబడి ఉంది.

"గదే ఆమె జాగ. నలబై ఏండ్లు ఒక్కరోజు తప్పలే. జొరమొచ్చినా వచ్చింది. నేను రెండుసార్లు ఇంటికి పోయి పిలిచిన. మాట స్వామిదమ్మా, ఆమెది గాదు. ఎవడో దానికి బురద పూస్తే స్వామికి అంటుతదా? నేను చెప్పిన్నని చెప్పు. తోలుకరా."

ఆ మాటలు దారంతా మననం చేసుకుంటూ నడిచాను, ఒక్కటి తప్పినా పనిచెయ్యవేమోనన్నట్టు.

బంద్ రోజు

మూడో రోజు బంద్. హాస్టల్ మెస్ మూసేశారు. శిరీష తన డబ్బాలోని అటుకులు నానబెట్టి నాకు సగం పెట్టి, నాతో పాటు నడిచి వచ్చింది. షట్టర్లన్నీ దించేసిన రోడ్డు మీద మా చెప్పుల చప్పుడు మాకే వినబడింది. సందు మొదట్లో శిరీష ఆగిపోయింది.

"నేను రాను ఆంటీ. ఆమె మొకం జూడలేను. మీరు పోయి రాండ్రి."

యాదమ్మగారు పెరట్లో పెద్ద గంగాళం నిండా నీళ్ళు పెట్టుకుని కూర్చుంది. కాగితాలన్నీ పక్కనే పీట మీద ఉన్నాయి. పూజారి గారు అన్నదంతా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా వింది.

"అయ్య మంచోడు" అంది. "ఆయనకు మనుమరాలు లేదు."

దానికి జవాబు మీకెవరికైనా ఉందేమో.

"పాదాలున్నయి గద, కాల్చొద్దు, చింపొద్దు. నీళ్ళల్ల నానబెడ్త. కరిగినంక దానిమ్మ చెట్టుకు పోస్త. కొద్దిగ చెయ్యి ఆనియ్యి బిడ్డా."

నేను కూడా కూర్చున్నాను. ఒక్కొక్క కాగితం పాదాలు పైకి ఉండేలా నీళ్ళ మీద పరిచేది. రంగు ముందు దండలోంచి వదిలింది, తరువాత అక్షరాల్లోంచి. పాదాలు చివర్న పోయాయి. ఎవరి ఇంటి కాగితమో కొన్ని నేను గుర్తుపట్టాను. ఒకదాని వెనకాల చాకలి పద్దు ఉంది, ఒకదాని మూల పసుపు వేలిముద్ర ఉంది. కాసేపటికి గంగాళమంతా ఎర్రటి గుజ్జు.

పీట ఖాళీ అయ్యాక, ఆవిడ నా సంచీ వైపు, అందులో నారింజ అంచులు పైకి కనబడుతున్న నోటుపుస్తకం వైపు చూసింది.

"గా బుక్కుల గూడ ఉన్నయి గద."

"ఇది నేను చదువు నేర్చుకున్న పుస్తకమమ్మా."

"నా కాగితంతోనా?"

"మీరు పెట్టిన పేరే. నేను చదివిన మొదటి మాట అదేనమ్మా."

ఆవిడ కదలకుండా నన్నే చూసింది. కళ్ళు నిండాయి. మారింది, ఈ ఒక్క మాటకి మారింది అనుకున్నాను. మనసులో స్వామికి దణ్ణం పెట్టేశాను కూడా. ఆవిడ తడి చెయ్యి నా తల మీద పెట్టింది.

"అయ్యో బిడ్డా. మొదటి మాటనే నీకు మంచిది దొరకలే. తప్పు నాది."

పుస్తకం ఇచ్చేశాను. ఇవ్వనని చెప్పవచ్చు. మా నాయనమ్మ చేతిరాత లోకంలో ఇంకెక్కడా లేదు. కానీ ఆ ముఖం చూస్తూ లేదనలేకపోయాను. నీలం సిరా నీళ్ళలో పొగలా లేచి, గుజ్జులో కలిసిపోయింది. 'ళిం' అన్నది కాసేపు నిలిచింది. నేను చేసింది మంచో చెడో ఇప్పటికీ తెలియదు.

బయలుదేరేటప్పుడు ఆవిడ లోపల్నుంచి దారంతో కట్టిన చిన్న కట్ట తెచ్చి ఇచ్చింది. కాగితం లేదు, పేరు లేదు. "ఆఖర్న మిగిలినయి. పారెయ్యబుద్ధి గాలే" అంది. సందు మొదట్లో శిరీష ఇంకా ఎండలో నిలబడే ఉంది. నా ముఖం చూసి నా చేతిలో సంచీ తీసుకుని నడిచింది.

రైల్లో కూర్చున్నాక ఆ కట్ట లెక్కపెట్టాను. పదమూడు.

ఇంటికి వచ్చాక

శిరీష అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. లైబ్రరీ నుంచి వస్తూ ఆ సందులోకి వెళ్ళి చూస్తుందట. యాదమ్మగారు గుమ్మంలోనే ఉంటుందట, బియ్యం ఏరుతూ. గుడికి వెళ్ళడం లేదు. మనుమరాలు రాలేదు. తను ఆ ఫోటో పంపిన నలుగురికీ ఆ పేరుకి అర్థమేమిటో శిరీష రాసి పంపిందట. ఒకతను మళ్ళీ నవ్వు బొమ్మే పంపాడు. మిగతావాళ్ళు ఏమీ అనలేదు.

సుబ్బయ్య ఇప్పుడు వేరే అగరొత్తులు తెస్తున్నాడు. పొట్లంలో డజను అంటే డజనే. దానిమ్మకి ఆ ఎర్రనీళ్ళు పడ్డాయో లేదో అడగలేదు. నాకు చెప్పు కుట్టిన ఆయన, చాయ్ పోయించిన ఆయన, అటుకులు పంచిన పిల్ల, సర్వపిండి పెట్టిన ఆ చెయ్యి, అందరికీ రోజూ దణ్ణం పెట్టుకుంటాను. నేను చెయ్యగలిగినది ఇంతే అని తెలిసి పెట్టే దణ్ణం అది. ఆ కట్ట దేవుడి గదిలో ఉంది. పదమూడోది ఆ చిన్న గుడికే ఇవ్వాలి. మిగతా పన్నెండూ వెలిగించడానికి నాకు చెయ్యి రావడం లేదు.

చదివిన మీకు ఒక్క మనవి. ఏ రాత్రైనా దేవుడి గది తలుపు దగ్గరికి వేస్తున్నప్పుడు, చిక్కడపల్లిలో ఒక చిన్న గుడిలో ఆ వేళకి ఒక స్తంభం పక్క ఖాళీగా ఉంటుందని గుర్తుంచుకోండి. అక్కడ కూర్చోవలసిన మనిషి పేరు యాదమ్మ. ఆవిడని ఒక్కసారి తలచుకుని, అప్పుడు తలుపు వెయ్యండి.